మూత రాదు, స్క్రూ తిరగదు, బీరువా కదలదు: ఏం చేయాలి?

సీసా మూత రాకపోతే పళ్ళు బిగించి ఇంకాస్త గట్టిగా తిప్పుతాం. అప్పటికీ రాకపోతే ఇంట్లో కండబలం ఉన్నవాళ్ళని కేకేస్తాం. చాలాసార్లు ఆ అవసరం రాదు. బలం ఎక్కడ వృథా అవుతోందో ఒక్క నిమిషం చూసుకుంటే, ఉన్న బలమే సరిపోతుంది.

తిప్పే పని ఏదైనా అందులో చూసుకోవాల్సినవి మూడే. మీ చేతికీ వస్తువుకీ మధ్య పట్టు ఎంత ఉంది? ఆ వస్తువు ఇరుక్కున్న చోట పట్టు ఎంత ఉంది? తిరిగే ఇరుసుకి మీ చెయ్యి ఎంత దూరంలో ఉంది? మొదటి రెండూ ఘర్షణే. మీ చేతి దగ్గర అది పెరగాలి, ఇరుక్కున్న చోట తగ్గాలి. ఇక దూరం ఎంత పెరిగితే అంత సుఖం. మీరు పెట్టే బలాన్ని ఇరుసు నుంచి ఉన్న దూరంతో గుణిస్తే వచ్చేది టార్క్, మన పాఠ్యపుస్తకాల్లో బల భ్రామకం. తిరగలి పిడిని రాయి అంచున పెట్టారు గానీ నడిమి కీలు పక్కన పెట్టలేదు. అదీ ఇందుకే.

ఘర్షణ గురించి రెండు విషయాలు గుర్తుంచుకుంటే కింద చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది. రెండు తలాలు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా నొక్కుకుంటే ఘర్షణ అంత పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో గియోమ్ అమాంటన్ 1699లోనే ఈ నియమాన్ని ప్రకటించాడు. రెండోది, ఆగి ఉన్న వస్తువుని కదిలించడానికి కావాల్సిన బలం, కదులుతున్నదాన్ని కదులుతూ ఉంచడానికి కావాల్సిన దానికన్నా ఎక్కువ. కాబట్టి కష్టమంతా మొదటి కదలిక దగ్గరే.

బిగుసుకుపోయిన సీసా మూత

ముందు చేతులూ మూతా సబ్బుతో కడిగి, పొడిగా తుడవండి. ఆవకాయ, నెయ్యి, తేనె సీసాల మూతలు రాకపోవడానికి సగం కారణం మన వేళ్ళ మీద ఉన్న జిడ్డే. అరచేతికీ మూతకీ మధ్య నూనె పొర ఉంటే ఎంత గట్టిగా పిసికినా చెయ్యి జారుతుంది. ఈ ఒక్క పనితోనే చాలా మూతలు వచ్చేస్తాయి.

రాకపోతే మూత చుట్టూ రెండు వెడల్పాటి రబ్బరు బ్యాండ్లు వేయండి. గిన్నెలు తోమే రబ్బరు తొడుగు గానీ, పాత సైకిల్ ట్యూబు ముక్క గానీ ఉంటే ఇంకా మంచిది. పొడి గుడ్డ కన్నా రబ్బరు పట్టు చాలా ఎక్కువ. చాలామంది కొంగో తువ్వాలో చుట్టి తిప్పుతారు గానీ, నున్నటి నూలు గుడ్డ మూత మీద జారుతుంది. గుడ్డే వాడాలనుకుంటే కొద్దిగా తడిపి, గట్టిగా పిండి వాడండి.

కొత్త జామ్ సీసా, సాస్ సీసా సంగతి వేరు. ఫ్యాక్టరీలో వేడిగా ఉండగా మూత పెడతారు కాబట్టి, చల్లారాక లోపల గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. బయటి గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు ఒక కిలో బరువంత ఒత్తిడి పెడుతుంది. 7 సెంటీమీటర్ల మూత వైశాల్యం సుమారు 38 చదరపు సెంటీమీటర్లు. లోపలి ఒత్తిడి సగానికే తగ్గిందనుకున్నా దాదాపు 19 కిలోల బరువు మూత మీద కూర్చున్నట్టే. ఆ బరువు మూతని సీసా అంచుకి నొక్కుతుంది, నొక్కిన కొద్దీ ఘర్షణ పెరుగుతుంది. ఇక్కడ తిప్పడం తరవాతి పని. ముందు చెంచా కొసని మూత అంచు కిందకి దూర్చి, అక్కడక్కడా మెల్లగా పైకి లేపండి. టప్పుమని చిన్న చప్పుడొస్తే గాలి లోపలికి పోయినట్టు. ఆ తరవాత మూత మామూలుగా తిరుగుతుంది. చాకు మాత్రం వాడకండి, జారితే నేరుగా అరచేతిలోకి దిగుతుంది.

పాత సీసా అయితే అంచుకి అంటుకున్న బెల్లం పాకమో ఊరగాయ గుజ్జో ఎండిపోయి జిగురులా పట్టేసి ఉంటుంది. మూతని మాత్రమే తడిపేలా సీసాని వంచి, కుళాయి వేడినీళ్ళ కింద అరనిమిషం ఉంచండి. రేకు మూత వేడికి గాజు కన్నా ముందే, కాస్త ఎక్కువగా వ్యాకోచిస్తుంది. వ్యాకోచం మిల్లీమీటరులో వందో వంతుల్లోనే ఉంటుంది. అసలు మేలు ఎండిన గుజ్జు కరగడం వల్ల జరుగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద మరిగే నీళ్ళు పోయకండి, గాజు పగులుతుంది.

చిన్న మూతలు పెద్ద మూతల కన్నా ఎక్కువ ఏడిపిస్తాయి. కారణం దూరమే. 3 సెంటీమీటర్ల మూతలో మీ వేళ్ళు ఇరుసుకి ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. అదే పట్టుతో 7 సెంటీమీటర్ల మూతని తిప్పితే రెట్టింపుకి పైగా టార్క్ వస్తుంది. కాబట్టి చిన్న మూతకి దూరాన్ని మీరే కల్పించాలి. మూతకి గుడ్డ చుట్టి కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పితే చెయ్యి ఇరుసుకి 15 సెంటీమీటర్ల దూరం జరుగుతుంది, అంటే పదిరెట్లు. పెద్ద మూతకైతే పాత తోలు బెల్టుని చుట్టూ బిగించి, కొసని మూత అంచు వెంట పక్కకి లాగండి. లాగిన కొద్దీ బెల్టు తనంతట తానే మూతని ఇంకా బిగించి పట్టుకుంటుంది.

తరవాత మళ్ళీ బిగుసుకోకుండా ఉండాలంటే, మూత పెట్టే ముందు సీసా అంచుని పొడిగుడ్డతో తుడవండి. ఇంతకు మించి చేయాల్సింది లేదు.

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న స్టీలు గ్లాసులు

లోపలి గ్లాసులో ఐసు నీళ్ళు పోసి, బయటి గ్లాసుని వేడినీళ్ళ గిన్నెలో ఒక నిమిషం నిలబెట్టండి. లోపలిది కుదించుకుంటుంది, బయటిది వ్యాకోచిస్తుంది. ఇది చాలామందికి తెలిసిందే. ఆ తరవాత నేరుగా పైకి లాగడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. తిప్పుతూ లాగండి.

దీని వెనక మంచి భౌతికశాస్త్రం ఉంది. ఘర్షణ ఎప్పుడూ వస్తువు జారే దిశకి ఎదురుగానే పనిచేస్తుంది. గ్లాసుని గుండ్రంగా తిప్పుతున్నంతసేపూ ఘర్షణలో చాలా భాగం ఆ తిరుగుడుని ఆపడానికే ఖర్చయిపోతుంది. పైకి లాగడాన్ని అడ్డుకోవడానికి మిగిలేది కొంచెమే. వేలికి బిగిసిన ఉంగరం, కుళాయి మూతికి పట్టేసిన నీళ్ళ పైపు, సీసాకి దిగిన బిరడా, అన్నిటికీ ఇదే మార్గం. ఉంగరానికైతే ముందు సబ్బు నురుగు రాయండి. వేలు వాచి రంగు మారితే మాత్రం ఈ ప్రయత్నాలు మానేసి ఆసుపత్రికి వెళ్ళండి.

తిరగని స్క్రూ, తుప్పు పట్టిన నట్టు

స్క్రూ అంటే కమ్మీ చుట్టూ చుట్టిన ఏటవాలు దారి. ఆ వాలు చాలా తక్కువ. సామాన్యంగా దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టుకి ఒక్క చుట్టుకి మర ముందుకు జరిగేది 1.25 మిల్లీమీటర్లే, వాలు మూడు డిగ్రీలు. అంత తక్కువ వాలు మీద ఘర్షణదే పైచేయి కాబట్టి, బిగించిన నట్టు తనంతట తాను వెనక్కి జారదు. మన మంచాలూ కుర్చీలూ ఊడిపోకుండా నిలబడుతున్నది ఈ ఘర్షణ వల్లే. విప్పాల్సి వచ్చినప్పుడు అదే మనకి ఎదురు తిరుగుతుంది.

మొదట దిశ చూసుకోండి. గడియారం ముల్లు తిరిగే వైపు బిగుతుంది, ఎదురు వైపు వదులవుతుంది. దీనికి ఇంట్లో రెండు మినహాయింపులు తరచూ తగులుతాయి. టేబుల్ ఫ్యాను రెక్కని పట్టి ఉంచే ప్లాస్టిక్ బిరడా, సైకిలు ఎడమ పెడలు. ఈ రెంటి మరలూ ఎదురు తిరుగుడువి, గడియారం వైపు తిప్పితేనే ఊడతాయి. వాడుతున్నప్పుడు వాటంతట అవి వదులు కాకుండా అలా చేస్తారు. తెలియక రెండోవైపు బలంగా తిప్పి ఫ్యాను బిరడా పగలగొట్టుకున్న ఇళ్ళు చాలానే ఉంటాయి.

తరవాత స్క్రూడ్రైవర్. పొడవాటిదైతే బలం ఎక్కువ వస్తుందని అనుకుంటారు. రాదు. తిప్పడానికి పనికొచ్చే దూరం పిడి మందంలో ఉంటుంది, కమ్మీ పొడవులో కాదు. 2 సెంటీమీటర్ల పిడి బదులు 4 సెంటీమీటర్ల పిడి పట్టుకుంటే అదే చేత్తో రెట్టింపు టార్క్ వస్తుంది. సన్నపిడి ఒక్కటే ఉంటే దాని చుట్టూ గుడ్డ మందంగా, బిగుతుగా చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసుకోండి.

స్టార్ స్క్రూ గాడి అరిగిపోవడమే అసలు ప్రమాదం. దాని గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి, గట్టిగా తిప్పినప్పుడు స్క్రూడ్రైవర్ పైకి లేచి జారిపోతుంది. జారిన ప్రతిసారీ గాడి కొంత కొరుక్కుపోతుంది. అందుకని సరిగ్గా సరిపోయే సైజే వాడండి. నిటారుగా పెట్టి, శరీరం బరువు మోపి నొక్కుతూ, మెల్లగా తిప్పండి. నొక్కడానికి మూడొంతులు, తిప్పడానికి ఒక వంతు అనుకోండి. గాడి ఇప్పటికే అరిగి ఉంటే, వెడల్పాటి రబ్బరు బ్యాండు ముక్కని గాడి మీద పరచి దాని మీద స్క్రూడ్రైవర్ పెట్టండి. రబ్బరు ఖాళీల్లోకి కూరుకుని కొంత పట్టు ఇస్తుంది.

తుప్పు పట్టినదానికి వరస ఇది:

1. వైరు బ్రష్‌తో గానీ పాత టూత్‌బ్రష్‌తో గానీ మరల మీది తుప్పు రాల్చండి.

2. తుప్పు వదిలించే స్ప్రే గానీ, లేకపోతే కుట్టుమిషన్ నూనె గానీ వేసి కనీసం పావుగంట ఆగండి. నూనె మరల సందుల్లోకి పాకడానికి టైము కావాలి. రాత్రి వేసి పొద్దున విప్పితే ఇంకా మంచిది. నూనెని మర దగ్గరే కాక, నట్టు ముఖం వాషర్‌ని తాకే చోట కూడా వేయండి. ఇంజనీర్లు ఒక ఉజ్జాయింపు లెక్క వాడతారు: నట్టు బిగించేటప్పుడు మనం పెట్టే టార్క్‌లో దాదాపు సగం ఆ ముఖం కింది ఘర్షణకే పోతుంది, మరో నలభై శాతం మరల మధ్య ఘర్షణకి పోతుంది. నిజంగా బిగింపుగా మారేది పదోవంతే. ఆ సగాన్ని వదిలేసి మరకి మాత్రమే నూనె వేస్తే పని సగమే అయినట్టు.

3. సుత్తితో బోల్టు తల మీద చిన్నచిన్న దెబ్బలు వేయండి. తుప్పు పెళుసు, అదురుకి పగులుతుంది.

4. విప్పే ముందు బిగించే వైపు రవ్వంత తిప్పండి. తుప్పు బంధం ఏ వైపు తెగినా తెగినట్టే. ఆ తరవాత వెనక్కి తిప్పండి, మళ్ళీ కాస్త ముందుకి, మళ్ళీ వెనక్కి.

5. అప్పటికీ కదలకపోతే పానా కొసని పట్టుకోండి. పానాకీ మీ చేతికీ మధ్య సరిగ్గా లంబకోణం ఉండాలి. వాలుగా తోస్తే బలంలో కొంత పానా పొడవునా జారిపోతుంది, తిప్పడానికి పనికిరాదు. పానాకి ఇనుప గొట్టం తొడిగి పొడవు రెట్టింపు చేస్తే టార్క్ కూడా రెట్టింపవుతుంది. కానీ సన్నటి బోల్టుకి ఈ పని చేయకండి, తల తెగి చేతిలోకొస్తుంది.

పానాని తోయాల్సి వస్తే అరచెయ్యి చాచి తోయండి. పిడికిలి బిగించి తోస్తే, నట్టు ఒక్కసారిగా వదిలినప్పుడు వేళ్ళ కణుపులు గోడకి కొట్టుకుంటాయి.

కారు చక్రం నట్లు విప్పేవాళ్ళకి ఒక మాట. చక్రం నేల మీద ఉండగానే నట్లని ఒక పావు చుట్టు వదులు చేసి, ఆ తరవాత జాకీ ఎత్తండి. నేలతో ఉన్న ఘర్షణే చక్రం తిరగకుండా పట్టుకుంటుంది. తిరిగి బిగించేటప్పుడు ఆ మరలకి నూనె రాయకండి. పైన చెప్పిన లెక్క ప్రకారం, ఘర్షణ తగ్గితే అదే చేతిబలానికి బిగింపు ఎంతో పెరిగిపోయి బోల్టు సాగుతుంది. ఎంత టార్క్ పెట్టాలో కారు పుస్తకంలో ఉంటుంది, అది పొడి మరలకి చెప్పిన అంకె.

బీరువా జరపడం

స్టీలు బీరువాని ఒకరే జరపవచ్చు, ఎక్కడ తోయాలో తెలిస్తే. తెలియకపోతే ఇదే అన్నిటికన్నా ప్రమాదకరమైన పని, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

బీరువా బరువు 80 కిలోలు, నేలతో ఘర్షణ గుణకం (బరువులో ఎన్నో వంతు బలంతో తోస్తే వస్తువు కదులుతుందో చెప్పే అంకె) 0.4 అనుకుందాం. జరపడానికి 32 కిలోల బలం కావాలి. మామూలు బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉంటుంది. మీరు తోసే చోటు ఒక ఎత్తు దాటితే బీరువా జరగడానికి బదులు ఒరుగుతుంది. ఆ ఎత్తు కట్టడం సులువు: తోసే దిశలో బీరువా ఎంత ఉందో అందులో సగాన్ని ఘర్షణ గుణకంతో భాగించండి. పక్క నుంచి, వెడల్పు వెంట తోస్తే ఒకటిన్నర అడుగులని 0.4తో భాగించాలి, మూడుముప్పావు అడుగులు వస్తుంది. ముందు నుంచి గోడ వైపు తోస్తే ముప్పావు అడుగుని 0.4తో భాగించాలి, రెండడుగులు కూడా రాదు. అంటే ముందు నుంచి తోసేటప్పుడు చేతులు మోకాలి ఎత్తు దాటకూడదు. ఛాతీ ఎత్తున చేతులు పెట్టి తోశారంటే, అవతల గోడ లేకపోతే బీరువా వెనక్కి పడుతుంది. గచ్చు గరుకుగా ఉంటే ఘర్షణ గుణకం ఇంకా ఎక్కువ, చేతులు ఇంకా కిందకి పోవాలి.

చేయాల్సిన వరస: పై అరల్లో బరువులుంటే దించేయండి. పట్టుచీరలు దించకపోయినా పరవాలేదు గానీ, వెండి సామానూ పుస్తకాలూ తప్పకుండా తీయండి. తలుపులకి తాళం వేయండి, జరిపేటప్పుడు తెరుచుకుంటే బరువు ఒక పక్కకి లాగేస్తుంది. బీరువా ఒక పక్కని ఒకరు కొద్దిగా ఎత్తుతుంటే ఇంకొకరు కాళ్ళ కింద మడిచిన పాత దుప్పటి దూర్చాలి. నున్నటి టైల్స్ మీదా గ్రానైట్ మీదా గుడ్డ చాలా తేలిగ్గా జారుతుంది.

మీరు మాత్రం చెప్పులూ సాక్సులూ లేకుండా, పొడి నేల మీద, పొడి కాళ్ళతో నిలబడండి. బీరువాకీ నేలకీ మధ్య ఘర్షణ కన్నా మీ పాదాలకీ నేలకీ మధ్య ఘర్షణ ఎక్కువ ఉండాలి, లేకపోతే బీరువా అక్కడే ఉంటుంది, మీరే వెనక్కి జారతారు. అందుకే జారడానికి నేల మీద సబ్బునీళ్ళు పోయడం మంచి ఆలోచన కాదు. తోసేటప్పుడు మోకాళ్ళు వంచి, కిందనుంచి, రవ్వంత పైకి ఎత్తుతున్నట్టు తోయండి. అలా తోస్తే బీరువా నేలని నొక్కే బలం తగ్గుతుంది, మీ పాదాలు నొక్కే బలం పెరుగుతుంది. రెండు ఘర్షణలూ మీకు అనుకూలంగా మారతాయి. కదలడం మొదలయ్యాక మధ్యలో ఆపకండి.

దుప్పటి దూర్చే వీలు లేకపోతే మూలల మీద నడిపించండి. ఒక పక్క కాలుని ఇరుసుగా ఉంచి రెండో పక్కని ముందుకి తోయాలి, తరవాత ఈ పక్కని ఇరుసు చేసి ఆ పక్కని తోయాలి. ఇరుసుకి మూడడుగుల దూరంలో తోస్తున్నారు కాబట్టి, ఒక్కసారిగా మొత్తం జరపడానికి కావాల్సిన బలంలో సుమారు మూడింట రెండు వంతులే సరిపోతుంది.

నిండు గ్యాస్ సిలిండర్‌ని ఈడ్చకండి, దొర్లించకండి. గ్యాసే 14.2 కిలోలు, డబ్బాతో కలిపి దాదాపు 30 కిలోలు. చక్రాల స్టాండు కొనుక్కుంటే జారుడు ఘర్షణ బదులు దొర్లుడు ఘర్షణ వస్తుంది, ఒక్క చేత్తో లాగొచ్చు.

కిర్రుమనే తలుపు, పట్టేసే తాళం, కారే కుళాయి

తలుపు బందులకి కొబ్బరినూనె వేయడం మన ఇళ్ళలో అలవాటు. వారం రోజులు బాగానే ఉంటుంది. వంటనూనెలు గాలికి చిక్కబడి, దుమ్ముని పట్టి జిగురవుతాయి. కొబ్బరినూనె అయితే 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది కూడా. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి, తలుపుని పదిసార్లు తీసి వేసి, కారిన నూనె తుడిచేయండి.

తాళంలో ఏ నూనే వేయకండి. తాళంచెవి పళ్ళ మీద మెత్తటి పెన్సిల్‌తో బాగా రుద్ది, లోపల పెట్టి నాలుగుసార్లు తిప్పండి. పెన్సిల్‌లో ఉన్న గ్రాఫైటు పొరలు పొరలుగా జారుతుంది, దుమ్ముని పట్టదు. చెక్క సొరుగులకైతే కొవ్వొత్తి రుద్దితే చాలు.

కుళాయి మరకి టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు, మర కొస మీ వైపు ఉంచుకుని గడియారం ముల్లు వైపు చుట్టండి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి పోగులవుతుంది. టెఫ్లాన్‌కి ఘర్షణ చాలా తక్కువ కాబట్టి కుళాయి అనుకున్నదానికన్నా తేలిగ్గా లోపలికి పోతుంది. చేతికి బరువు తెలియలేదని ఇంకా ఇంకా తిప్పితే ప్లాస్టిక్ సాకెట్ గోడలో ఉండగానే చీలుతుంది. చేత్తో బిగినంత బిగించి, ఆ మీద పానాతో ఒక చుట్టు లోపు చాలు.

తిరగకపోతే వదిలేయాల్సిన మూత

ప్రెషర్ కుక్కర్ మూత తిరగకపోతే మాత్రం పైన చెప్పిన కిటుకులేవీ వాడకండి. బెల్టూ వద్దు, పానా వద్దు, సుత్తి అసలే వద్దు. కుక్కర్ మీది వెయిట్ (విజిల్) లేచే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో. 20 సెంటీమీటర్ల మూత వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. అంటే లోపలి ఆవిరి 300 కిలోలకి పైగా బలంతో మూతని పైకి తోస్తోంది. ఆ తోపుడికి మూత చెవులు గిన్నె అంచుకి నొక్కుకుని, ఘర్షణ విపరీతంగా పెరిగి మూత తిరగడం లేదు. ఇక్కడ ఘర్షణ మిమ్మల్ని కాపాడుతోంది. మూత లోపలికి వెళ్ళి కూర్చునే రకం కుక్కర్లలో ఆవిరే మూతని లోపలనుంచి నొక్కి పట్టుకుంటుంది, అక్కడా సంగతి ఇదే.

స్టవ్ ఆపి, ఆవిరి తనంతట తాను దిగేదాకా ఆగండి. తొందరగా ఉంటే కుళాయి నీళ్ళని మూత పక్కల మీద పారనివ్వండి, వెయిట్ మీదా సేఫ్టీ వాల్వ్ మీదా పడకుండా. వెయిట్‌ని గరిటె కాడతో రవ్వంత ఎత్తి చూడండి. బుస్సుమని చప్పుడు రాకపోతేనే మూత మీద చెయ్యి వేయండి. ఆవిరి పూర్తిగా పోయిన మూత తేలిగ్గా తిరుగుతుంది. పూర్తిగా చల్లారాక కూడా బిగుతుగానే ఉంటే గాస్కెట్ ఎండిపోయినట్టు. మూత తీశాక దాన్ని కడిగి, చుక్క వంటనూనె రాసి పెట్టండి. గట్టిపడి పగుళ్ళు కనిపిస్తే కొత్తది వేయించండి.